డొక్క నుంచి కారు సీటు దాకా

కొబ్బరి డొక్కలో సుమారు మూడో వంతు పీచు, మిగతాది పొట్టు. కోనసీమలో అమలాపురం, అంబాజీపేట, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో కాయ ఒలుపు జరిగిన చోటల్లా డొక్కలు గుట్టలు పడతాయి. పొయ్యిలోకి పోయేవి పోగా మిగిలినవి పీచు మిల్లులకు చేరతాయి. పీచులో లిగ్నిన్ 40 శాతానికి పైగా ఉంటుంది కాబట్టి అది త్వరగా చివకదు, నొక్కి వదిలితే మళ్ళీ లేస్తుంది. పోగులోని కణాలు బోలుగా ఉండి గాలిని పట్టి ఉంచుతాయి. అందువల్ల వేడి, చప్పుడు కొంతమేర ఆగుతాయి.

పీచు తీయడానికి రెండు దారులు. కేరళలో పచ్చి డొక్కను నెలల తరబడి ఉప్పునీటి కయ్యల్లో ఊరబెట్టి, కొట్టి, తెల్ల పీచు తీసే పద్ధతి పాతది. మిల్లు పద్ధతిలో డొక్కను తడిపి, పళ్ళున్న డ్రమ్ముకు అందిస్తారు. అది చీల్చి పొట్టును రాలుస్తుంది, గోధుమరంగు పీచు మిగులుతుంది. దాన్ని ఎండలో పరిచి, తిరగేస్తూ ఆరబెడతారు. సరిగ్గా ఆరకుండా బేళ్ళు కడితే పీచు ముక్కిపోతుంది, అందుకే వానాకాలం ఈ పనికి గడ్డుకాలం.

మెత్తలకు పీచు తిన్నగా ఉంటే పనికిరాదు. అందుకని దాన్ని గట్టిగా పురిపెట్టి తాడుగా పేని, మెలిక పట్టేదాకా అలాగే ఉంచుతారు. తర్వాత పురి విప్పితే ప్రతి పోగూ స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. దానిని పరిచి రబ్బరు పాలు చల్లి, ఆరబెట్టి, అచ్చులో ఒత్తి, వేడితో రబ్బరును గట్టిపరుస్తారు. పోగులు కలిసే చోట్ల రబ్బరు అతుక్కుంటుంది, మధ్యలో గాలి ఖాళీలు అలాగే ఉంటాయి. మెత్త కుంగి లేవడానికీ, చెమట ఆరడానికీ ఈ ఖాళీలే ఆధారం. పరుపులకు వాడేదీ ఇదే సరుకు. పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కార్ల సీట్లలోనూ కొబ్బరి పీచు మెత్తలుండేవి. తేలిగ్గా అచ్చు పోయగల ఫోమ్ వచ్చాక వాటి వాడకం తగ్గింది.

అయితే కారులో ప్రతిచోటా పీచు పనికిరాదు. బానెట్ లోపలివైపు బిగించే మందపాటి పొర సాధారణంగా గ్లాసు పీచుతోనో పాలియెస్టర్‌తోనో చేసినదై ఉంటుంది. ఇంజన్ మోతను తగ్గించడం, బానెట్ రంగును వేడి నుంచి కాపాడడం దాని పని. వేగం కోసం కార్లను మార్చుకునేవారు బరువు తగ్గుతుందని క్లిప్పులు ఊడదీసి దాన్ని తొలగిస్తుంటారు. తగ్గే బరువు స్వల్పం, బదులుగా మోత పెరుగుతుంది, రంగుకు వేడి తగులుతుంది. ఆ స్థానంలో కొబ్బరి పీచు పెట్టడం ప్రమాదం. ఆయిల్ పీల్చుకున్న పీచుకు నిప్పు తేలిగ్గా అంటుకుంటుంది. ఇంజన్‌ను వేరుచేసే రేకు గోడకు ఇవతల, సీట్లలో, తలుపుల్లో, నేల మీద మాత్రం అది నమ్మకంగా పనిచేస్తుంది.

పొట్టుకూ విలువ ఉంది. ఉప్పు పోయేలా కడిగి, దిమ్మలుగా ఒత్తితే నర్సరీల్లో మట్టికి బదులుగా బాగా పనికొస్తుంది. డొక్క విలువ పెరిగేది పని పెరిగిన కొద్దీ: బేలు పీచు కంటే తాడుకు, తాడు కంటే చుట్టి రబ్బరు పట్టించిన మెత్తకు ఎక్కువ ధర.