సీసంలో ఎలక్ట్రాన్ల లెక్క

రేణిగుంట మండలం కరకంబాడి పేరు చెబితే చిత్తూరు, తిరుపతి జిల్లాల వాళ్లకు ముందు గుర్తొచ్చేది బ్యాటరీ. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ ఈ ఊరికి ఆ గుర్తింపు తెచ్చింది. సీసం, యాసిడ్‌లతో నడిచే బ్యాటరీని ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లోనే కనిపెట్టాడు. పదార్థపు మూడు స్థితులూ, పరమాణువు, ఎలక్ట్రాన్ అన్నీ ఒకే పెట్టెలో దొరికే వస్తువు ఇంతకంటే మంచిది మరొకటి లేదు. రసాయన శాస్త్రం బోర్డు మీద వృత్తాలతో కాక చేతికి తగిలే వస్తువుతో మొదలవ్వాలన్నది ఈ కాలమ్ పాఠకులకు పాత మాటే. ఈ వారం ఇన్వర్టర్ బ్యాటరీలో బోరు నీళ్లు పోస్తున్న దృశ్యం ఆ మాటను మళ్లీ ముందుకు తెచ్చింది.

ముందు స్థితుల సంగతి. ప్లేట్లు ఘనం. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి ప్లేట్ల జాలీలు పోతపోయడం తేలిక. వాటి మధ్య ఉండే సల్ఫ్యూరిక్ యాసిడ్, నీళ్ల మిశ్రమం ద్రవం. చార్జింగ్ చివర్లో పైకి వచ్చే బుడగలు వాయువు. నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్‌గా మారుతోందన్నమాట. గాలిలో హైడ్రోజన్ నాలుగు శాతం దాటితే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. అందుకే చార్జింగ్ గదికి కిటికీ తెరిచి ఉండాలి. తరిగేది నీరే గానీ యాసిడ్ కాదు. కాబట్టి పోయాల్సింది కూడా నీరే, అదీ డిస్టిల్డ్ వాటరే. బోరు నీటిలోని ఉప్పులు, ఇనుము లోపలే మిగిలిపోయి ప్లేట్లను చెడగొడతాయి.

ఇక ఎలక్ట్రాన్లు. నెగటివ్ ప్లేటు మీద స్పాంజిలాంటి సీసం ఉంటుంది. లోడు తగిలించగానే అక్కడి ఒక్కో సీసం పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదులుకుని, యాసిడ్‌లోని సల్ఫేటుతో కలిసి లెడ్ సల్ఫేట్ అవుతుంది. ఆ రెండు ఎలక్ట్రాన్లూ యాసిడ్ గుండా పోవు. బయటి తీగ గుండా, బండిలో అయితే సెల్ఫ్ మోటారును తిప్పుకుంటూ, పాజిటివ్ ప్లేటు చేరతాయి. అక్కడి లెడ్ డయాక్సైడ్ వాటిని తీసుకుని తానూ లెడ్ సల్ఫేటే అవుతుంది. యాసిడ్‌లో కదిలేవి అయాన్లు, తీగలో కదిలేవి ఎలక్ట్రాన్లు. ఈ తేడా తెలిస్తే విద్యుత్ రసాయన శాస్త్రం సగం వచ్చినట్టే. చార్జింగ్ పెడితే ఇదంతా వెనక్కి జరుగుతుంది.

ఇది కంటికి కనిపించేది యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌లో. రబ్బరు బుడ్డి నొక్కి వదిలితే గాజు గొట్టంలోకి యాసిడ్ ఎక్కుతుంది. లోపలి తేలే గొట్టం నిండు చార్జిలో 1.280 గీత దాకా పైకి లేస్తుంది. బ్యాటరీ దిగిపోయాక 1.120 దగ్గరికి మునిగిపోతుంది. సల్ఫేటు ప్లేట్లకు అంటుకుపోయి, యాసిడ్ పలచబడి నీరు పెరిగిందని దాని అర్థం. ప్లేట్ల మీద జరిగిన ఎలక్ట్రాన్ల బేరానికి ఆ గీతే లెక్క చెబుతుంది.

ఇక్కడిదాకా వస్తువే గురువు. అయితే ఒక్కో సెల్లుకు రెండు వోల్టులే ఎందుకు, ఆరు సెల్లులు కలిస్తేనే పన్నెండు ఎందుకు అని అడిగితే హైడ్రోమీటర్ దగ్గర జవాబు లేదు. జవాబు పరమాణువు లోపల ఉంది. సీసం కేంద్రకంలో 82 ప్రోటాన్లు ఉంటాయి. వాటి ఆకర్షణకు లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి మించి పరుగెడతాయి. అంత వేగంలో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం లెక్కలోకి వస్తుంది. దాని ప్రభావంతో బయటి పొరలోని కొన్ని ఎలక్ట్రాన్లు కూడా కేంద్రకం వైపు ఒదిగి గట్టిగా పట్టుబడతాయి. శాస్త్రవేత్తలు అహుజా, ప్యూక్కో తదితరులు 2011లో వేసిన లెక్క ప్రకారం సెల్లుకు వచ్చే 2.1 వోల్టులలో 1.7 నుంచి 1.8 దాకా ఈ సాపేక్ష ప్రభావం వల్లే. ఆవర్తన పట్టికలో అదే గ్రూపులో సీసానికి సరిగ్గా పైనున్న తగరంతో ఇలాంటి బ్యాటరీ కుదరకపోవడానికి కారణమూ ఇదే.

లిథియం దగ్గరికి వస్తే సంగతి ఇంకా తేలిపోతుంది. 2022 సెప్టెంబరులో తిరుపతిలో దేశంలోనే తొలి లిథియం సెల్ కర్మాగారం ప్రారంభ దశ ఉత్పత్తి మొదలుపెట్టింది. లిథియానికి ఉన్నవి మూడే ఎలక్ట్రాన్లు. బయటి ఒక్కదాన్ని సులువుగా వదిలేస్తుంది కాబట్టే సెల్లుకు మూడున్నర వోల్టులకు పైగా వస్తుంది. అంత వోల్టేజికి నీరు నిలవదు. అందుకే లోపల సేంద్రియ ద్రావణి పోసి మూత బిగిస్తారు. హైడ్రోమీటర్ ముంచే చోటు లేదు, నీళ్లు పోసే పని లేదు.

వస్తువు ముందు, పాఠం తర్వాత అని మొదట్లో చెప్పిన వరుస ఇక్కడ చెల్లదు. చేతికి తెలిసిన విద్య సీసం దాకానే వస్తుంది. సీసం నుంచి లిథియానికి, రేపు రాబోయే మరో మూలకానికి పనివాడిని దాటించేది ఎలక్ట్రాన్ల లెక్కే. బోర్డు మీద పరమాణువు పాఠాన్ని పరీక్షకు మాత్రమే చదివించి వదిలేయడం తిరుపతి ప్రాంతంలోని బడులకు తగదు. ఆ పిల్లల్లో చాలామంది రేపు పనికి వెళ్లేది ఈ కర్మాగారాలకే.