ఎవరిని చంపడానికి చేతులు రావు?

ఫాంటసీ రచయితలు ప్రధాన పాత్రను చంపడానికి ఎందుకు వెనకాడతారు? ఈ ప్రశ్నకు మామూలుగా వినిపించే జవాబులు రెండు. పాఠకులు ఊరుకోరు, తర్వాతి భాగం అమ్ముడుపోదు అనేది ఒకటి. ఏళ్ళ తరబడి కలిసి బతికిన పాత్ర మీద రచయితకు మమకారం అనేది రెండోది. రెండూ నిజమే. అయినా నాకు తృప్తి లేదు. ఎందుకంటే ఇవే నవలల్లో చావులకు కొదవ లేదు. ఎవరి చావు దగ్గర కలం ఆగుతోంది, ఎవరి చావు దగ్గర ఆగకుండా సాగిపోతోంది అని చూడకపోతే ఈ వెనకాడటం మనకు అర్థం కాదు.

వాస్తవిక నవలలో నాయకుడు పోయినా ఊరూ వీధీ ఉంటాయి. మనకు తెలిసిన లోకం మిగులుతుంది. ఫాంటసీలో లోకమే కల్పితం. చాలాసార్లు దాన్ని మనం ఒక్కడి కళ్ళతోనే చూస్తాం. ఆ కళ్ళు మూతపడితే లోకమే ఆరిపోతుందని రచయిత భయం. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్న కథ వింటూ పెరిగిన మనకు, జె.కె. రౌలింగ్ నవలల్లో వోల్డెమార్ట్ తన ప్రాణాన్ని ముక్కలు చేసి వస్తువుల్లో దాచుకోవడం కొత్త కాదు. దుర్మార్గుడి ప్రాణం ఎక్కడుందో కథ మనకు చెప్పేస్తుంది. నాయకుడి ప్రాణాన్ని మాత్రం రచయిత తన దగ్గరే దాచుకుంటుంది.

అది ఎక్కడ దాగి ఉందో 2007లో వచ్చిన ఏడో భాగంలో తెలుస్తుంది. హ్యారీ చావడానికి సిద్ధపడి అడవిలోకి నడిచి వెళతాడు. శాపం తగులుతుంది. అయినా తిరిగి వస్తాడు. కారణం? తల్లి లిల్లీ ప్రాణత్యాగం ఇచ్చిన రక్షణ ఇంకా నెత్తుటిలో ఉండటమే. ఒకే చావు కొడుకును రెండుసార్లు కాపాడింది. లిల్లీ చనిపోయేనాటికి ఆమెకు 21 ఏళ్ళు. చదువులో తెలివైనదని ఆమె మాస్టారి జ్ఞాపకాల్లో, ఎలాంటి స్నేహితురాలో ఆమెను ప్రేమించిన స్నేప్ జ్ఞాపకాల్లో మనకు తెలుస్తుంది. ఆమె ఏమనుకుందో, ఏం కావాలనుకుందో ఆమె నోట వినేది చాలా తక్కువ. నేను తల్లినయ్యాక ఈ పుస్తకాలు మళ్ళీ చదివితే, త్యాగం కన్నా ఈ మౌనమే ఎక్కువ బాధించింది.

ఇంకో విషయం రౌలింగే బయటపెట్టింది. ఆర్థర్ వీస్లీని చంపాలనుకుని, ఆ కథలో మంచి తండ్రులు అరుదని, చేతులు రాక వదిలేసింది. ఆ వాటా లూపిన్ మీద పడింది. అతనితోపాటు అతని భార్య టాంక్స్ కూడా పోయింది. పసిబిడ్డను ఇంట్లో వదిలి యుద్ధానికి వచ్చిన ఆమె ఎలా పోరాడిందో మనకు కనపడదు. శవమే కనపడుతుంది. మరో అనాథ కావలసి వచ్చింది కాబట్టి మరో తల్లి పోయింది. మోలీ వీస్లీ పోరాడి గెలిచి బతికిన మాట నిజం. కానీ తల్లి లేకపోవడం అన్నది నాయకుడి ప్రయాణానికి పెట్టుబడిగా మారడాన్ని ఆ ఒక్క గెలుపు చెరిపెయ్యదు.

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ఎవర్నైనా చంపగలడని పేరు. 1996 నాటి మొదటి నవలలోనే నెడ్ స్టార్క్ తల తీయించాడు. అయితే అతని భార్య కాట్లిన్‌ను చూడండి. మొదటి నుంచీ కథను చూపించిన కళ్ళల్లో ఆమెవి కూడా ఉన్నాయి. 2000లో వచ్చిన మూడో భాగంలో ఆమె గొంతు కోస్తారు. మార్టిన్ ఆమెను తిరిగి తీసుకొచ్చాడు కానీ, తెగిన గొంతుతో, పగ మాత్రమే మిగిలిన మనిషిగా. తిరిగొచ్చిన కాట్లిన్ మనసులోకి మనకు మళ్ళీ ప్రవేశం లేదు. 2011 నాటి అయిదో భాగంలో జాన్ స్నో కత్తిపోట్లకు పడిపోతాడు. టీవీ సీరియల్ అతణ్ణి 2016లో లేపింది. మాట, రూపం, కథలో చోటు అన్నీ తిరిగి ఇచ్చింది. కాట్లిన్ పునరాగమనాన్ని మాత్రం అదే సీరియల్ అసలు తీసుకోలేదు. కొడుకు వయసువాడికి రెండో జీవితం, తల్లికి చావు. ఈ ఎంపికను నేను కాకతాళీయం అనుకోలేను.

అంటే నాయకుణ్ణి కూడా చంపితే సమానత్వం వచ్చేస్తుందా? నేను అడుగుతున్నది అది కాదు. ఉర్సులా లెగ్విన్ వేరే దారి చూపించింది. 1972లో వచ్చిన ఎర్త్‌సీ మూడో నవల చివర మాంత్రికుడు గెడ్ తన శక్తినంతా ధారపోసి చావు అంచు నుంచి బయటపడతాడు. అక్కడ అతణ్ణి చంపేసి ఉంటే గొప్ప వీరగాథ అయ్యేది. 18 ఏళ్ళ తర్వాత, 1990లో, ఆమె 'తెహాను' రాసింది. అందులో గెడ్ బతికే ఉన్నాడు, మంత్రాలు లేకుండా, సిగ్గుతో, మేకలు కాస్తూ. కథ టెనార్ అనే నడివయసు వితంతువు కళ్ళలోకి మారింది. సొంతవాళ్ళే హింసించి నిప్పుల్లోకి తోసిన ఒక పసిదాన్ని ఆమె పెంచుతోంది. వంట, పొలం, భయం, రాత్రి తలుపు గడియ, ఇవన్నీ ఫాంటసీలోకి వచ్చాయి. గెడ్‌ను తక్కువ చేశారని నొచ్చుకున్న పాఠకులున్నారు. వీరగాథ మగవాళ్ళ సొత్తుగా నడిచిందని, తానూ ఆ సంప్రదాయంలోనే మొదలుపెట్టానని లెగ్విన్ 1992లో ఒక ప్రసంగంలో చర్చించింది.

లెగ్విన్ నాయకుణ్ణి చంపలేదు. అతను లేకపోతే లోకం లేదన్న నమ్మకాన్ని చంపింది. ఆ నమ్మకం పోయాక అతను హాయిగా బతకొచ్చు, చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అతని కోసం చావనక్కరలేదు. ఫాంటసీ రాయాలనుకునే మన అమ్మాయిలకు నేను చెప్పేది ఇదే. నాయకుణ్ణి చంపాలా వద్దా అని తర్వాత ఆలోచించుకోండి. మొదటి పేజీలోనే మీరు చంపేసిన తల్లి బతికుంటే కథ ఎటు పోయేదో ముందు రాసి చూడండి.