నిండు బ్యాటరీని ఒకసారి ఖాళీ చేసి చూడండి

మేడమీద సోలార్ పలకలు పెట్టించుకున్నవాళ్లు లిథియం బ్యాటరీ ధర చెబుతారు, వారంటీ ఎన్నేళ్లో చెబుతారు. అది నిజంగా ఎంత కరెంటు దాచుకుంటోందో కొలిచారా అని అడిగితే ఫోను తీసి యాప్‌లో నూటికి నూరు చూపిస్తారు. ఆ నూరు ఎంతలో నూరు? పెట్టెమీద వంద యాంపియర్ అవర్లని రాసి ఉండి, లోపల ఎనభయ్యే మిగిలినా నిండినప్పుడు యాప్ నూరే చూపిస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకాక ఎన్నో పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. గ్రిడ్‌కు మాత్రమే కలిపిన సోలార్ అలాంటప్పుడు అక్కరకు రాదు. లైను మీద పనిచేసే సిబ్బందికి షాకు తగలకూడదని, గ్రిడ్ పోగానే ఆ ఇన్వర్టర్ కూడా ఆగిపోయేలా చేస్తారు. అందుకే ఇంట్లో బ్యాటరీ కావాలి. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉన్న ఇంట్లో అది ఎన్ని గంటలు వస్తుందన్నది తుఫాను రాత్రి తెలుసుకోవాల్సిన సంగతి కాదు.

పాత లెడ్ యాసిడ్ బ్యాటరీకి హైడ్రోమీటర్ ముంచి యాసిడ్ సాంద్రత చూసేవాళ్లం. ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా పెడుతున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు ఆ వీలు లేదు. వోల్టేజీ చూసి చెబుదామన్నా కుదరదు. కాసేపు ఊరకే ఉంచిన సెల్లులో తొంభై శాతం ఉన్నా, ముప్ఫై శాతం ఉన్నా వోల్టేజీ తేడా వోల్టులో పదో వంతు కూడా ఉండదు. ఎంత పడుతుందో తెలియాలంటే నిండా నింపి, పూర్తిగా దింపి, బయటికొచ్చినదాన్ని లెక్కపెట్టాల్సిందే.

నేను చేసే పద్ధతి ఇది. మన ఇళ్లలో మామూలుగా ఉండే బ్యాటరీ బ్యాంకులో 3.2 వోల్టుల సెల్లులు పదహారు వరసగా ఉంటాయి. మొత్తం 51.2 వోల్టులు, వంద యాంపియర్ అవర్లు, అంటే 5.12 యూనిట్లు. ముందురోజు పూర్తిగా నింపి, చార్జింగ్ కరెంటు దాదాపు సున్నాకు దిగేదాకా వదిలేస్తాను. పొద్దున్నే సోలార్ స్విచ్చు, గ్రిడ్ ఎంసీబీ రెండూ ఆపేస్తాను. ఇక లోడు. ఫ్యాను, టీవీ లాంటివి పనికిరావు, ఒకే తీరున లాగే లోడు కావాలి. రెండు వందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము నిండా నీళ్లు పోసి, నీళ్లు కాచే వెయ్యి వాట్ల రాడ్డును గుర్తు దాకా ముంచుతాను. ఐదు గంటలు వేసినా ఆ నీళ్ల వేడి ఇరవై డిగ్రీలకు కాస్త పైన పెరుగుతుంది తప్ప అవి మరగవు. రాడ్డు నడుస్తున్నంతసేపు ఆ నీళ్లలో చెయ్యి పెట్టకూడదు, పిల్లల్ని అటు రానివ్వకూడదు. బ్యాటరీ నుంచి వచ్చేది ఇరవై యాంపియర్లకు కాస్త ఎక్కువ. కెపాసిటీలో ఐదో వంతు అన్నమాట, కంపెనీలు కూడా ఎక్కువగా ఈ వేగంతోనే కొలుస్తాయి.

లెక్క మాత్రం బ్యాటరీలో సెల్లులను కనిపెట్టుకుని ఉండే సర్క్యూటుకు, అంటే బీఎంఎస్‌కు, వదలను. పరీక్షకు నిలబడిందే అది, దాని సాక్ష్యం ఎలా తీసుకుంటాం? నెగటివ్ తీగలో, పారే కరెంటును లెక్కపెట్టే షంట్ మీటర్ విడిగా పెట్టించుకున్నాను. ఇన్వర్టర్ తర్వాత ఏసీ మీటర్ పెడితే సుమారు పదో వంతు తక్కువ కనబడుతుంది, అది ఇన్వర్టర్ తన కోసం తినే భాగం. షంట్ బిగించే పని ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. యాభై వోల్టులే కదా అనుకోవద్దు. టెర్మినళ్ల మధ్య స్పానర్ పడితే వేల యాంపియర్లు పారతాయి.

నాలుగు గంటల పాటు వోల్టేజీ పెద్దగా కదలదు. చివర్లో ఉన్నట్టుండి జారడం మొదలవుతుంది. నాకు ఈ పరీక్షలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే, కుర్చీ లాక్కుని అక్కడే కూర్చుంటాను. యాప్‌లో పదహారు సెల్లుల అంకెలు ఒక్కొక్కటే విడిపోతాయి. ఒకటి 2.9కి వచ్చేసరికి మిగతావి ఇంకా 3.1 దగ్గర ఉండొచ్చు. అన్నిటికంటే తక్కువున్న సెల్లు 2.8 తాకగానే ఆపేస్తాను. కంపెనీలు 2.5 దాకా దింపుతాయి గానీ ఆ మధ్యలో ఉండేది అతి స్వల్పం. కాడికి కట్టిన ఎడ్లలో నీరసపడ్డది ఎంతదూరం నడిస్తే బండి అంతే నడుస్తుంది. మీ బ్యాంకు కెపాసిటీ అంటే ఆ ఒక్క సెల్లు కెపాసిటీయే.

అంకె తక్కువొస్తే వెంటనే బ్యాటరీ పోయిందని కంగారుపడొద్దు. వానాకాలంలో వారాల తరబడి నిండా చార్జి కాని బ్యాటరీలో సెల్లుల మధ్య హెచ్చుతగ్గులు వస్తాయి. బీఎంఎస్ వాటిని చాలా నిదానంగా సరిచేస్తుంది. అది పదో వంతు యాంపియర్‌తో సరిచేసేదైతే, ఐదు యాంపియర్ అవర్ల తేడా పోవడానికి యాభై గంటలు పడుతుంది. అదీ దాదాపు నిండిన స్థితిలో ఉంచితేనే. అందుకే కొన్నాళ్లు రోజూ గ్రిడ్‌తో పూర్తిగా నింపి, మళ్లీ కొలిచాకే కంపెనీకి ఫోన్ చేయాలి. అప్పుడూ తగ్గితే అది నిజంగా తగ్గినట్టు.

కొత్త బ్యాటరీ వచ్చిన మొదటి నెలలోనే ఈ పరీక్ష చేయండి. తేదీ, గది వేడి, లాగిన యాంపియర్లు, బయటికొచ్చిన యాంపియర్ అవర్లు, ముందుగా పడిపోయిన సెల్లు నంబరు ఒక కాగితం మీద రాసి వారంటీ కార్డుతో కలిపి పెట్టండి. పరీక్ష అయిన వెంటనే సోలార్ స్విచ్చు వేసి నింపండి, ఖాళీగా వదిలేయొద్దు. తర్వాత ఏటా ఒకసారి చాలు, సెప్టెంబరులో అయితే మేలు. మన తీరానికి పెద్ద తుఫాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరు నెలల్లోనే.