తాళి కట్టే క్షణానికి మూడు ప్రతులు

గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల నడుమ ఉన్న మొయినాబాద్ ఇప్పుడు పెళ్లిళ్ల తావు. ముహూర్తాలు మొదలయ్యాయంటే ఫాంహౌస్‌లకు, రిసార్టులకు, ఫంక్షన్ హాళ్లకు హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరతాయి. ఆ పెళ్లిళ్లు తీసేది నగరం నుంచి దిగిన పెద్ద బృందమైనా, చేవెళ్లలో చిన్న స్టూడియో నడుపుకొనే అన్నదమ్ములైనా, అప్పగింతలు ముగిశాక వాళ్లకు మిగిలే పని ఒకటే. కెమెరా కార్డుల్లో ఉన్నదంతా భద్రంగా డిస్కులోకి చేర్చాలి.

జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం. ఆల్బమ్ పాడైతే ఇంకొకటి అచ్చు వేయవచ్చు. రా ఫైలు పోతే ఆ ఇంటికి ఆ ఘడియ పోయినట్టే. అందుకే ఈ వృత్తిలో కొన్ని కట్టుబాట్లు పుట్టాయి. రెండు కార్డులు పట్టే కెమెరాలో రెండింటిలోనూ ఒకేసారి నమోదు చేయడం, రెండు డిస్కుల్లోకి ఎక్కేదాకా కార్డును ఫార్మాట్ చేయకపోవడం అలాంటివే. మొత్తం మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల్లో ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి అనే సూత్రం నేడు ప్రపంచమంతా వాడుకలో ఉంది. దానికి ప్రచారం తెచ్చినవాడు కూడా ఒక ఫొటోగ్రాఫరే, అమెరికాకు చెందిన పీటర్ క్రోగ్.

ఈ సూత్రాన్ని రోజూ అమలు చేసేది బ్యాకప్ సాఫ్ట్‌వేర్. కానీ అది మన పని ఎరిగి తయారైంది కాదు. ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే తనకు తెలిసిన ఫోల్డర్లనే కాపాడుతుంది. విండోస్‌లోని ఫైల్ హిస్టరీ మామూలుగా చూసేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, పిక్చర్లు వంటి వాటినే. స్టూడియోల్లో పెళ్లి ఫైళ్లు ఉండేది చాలావరకు డి, ఇ డ్రైవుల్లో. రోజూ పచ్చటి టిక్కు కనిపిస్తున్నా అసలు పెళ్లి అందులో లేకపోవచ్చు. అందుకే సెట్టింగుల్లో మొదట తెరవాల్సింది ఏయే ఫోల్డర్లు కాపీ కావాలో చెప్పే పేజీ.

ఏది వద్దో చెప్పడమూ అంతే ముఖ్యం. ప్రివ్యూలు, క్యాష్ ఫైళ్లు మళ్లీ తయారవుతాయి, వాటిని మినహాయిస్తే డిస్కులో చాలా చోటు మిగులుతుంది. ఇందుకు భిన్నంగా, ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ కేటలాగు, వీడియో ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైలు ఫొటోల పక్కన చూస్తే పరిమాణంలో చిన్నవి. వారాల తరబడి చేసిన రంగుల దిద్దుబాటు, ఎంపిక, కూర్పు అంతా వాటిలోనే ఉంటుంది. ఇక్కడ చాలామంది పడే భ్రమ ఒకటుంది. లైట్‌రూమ్ క్లాసిక్ మూసేటప్పుడు బ్యాకప్ తీసుకోమంటావా అని అడుగుతుంది. అది తీసేది కేటలాగు బ్యాకప్ మాత్రమే, ఫొటోలను ముట్టుకోదు.

వేళల విషయం క్లుప్తంగానే చెప్పవచ్చు. ముహూర్తాల రోజుల్లో ప్రతి రాత్రీ, మిగతా రోజుల్లో వారానికోసారి నడిస్తే చాలు. క్లౌడ్‌కు పంపేవాళ్లు మాత్రం లెక్క వేసుకోవాలి. పెళ్లి ఫైళ్లు 300 జీబీ, అప్‌లోడ్ వేగం సెకనుకు 20 మెగాబిట్లు అనుకుంటే అవి ఎక్కడానికి సుమారు 33 గంటలు పడుతుంది. అందుకే పగలు వేగానికి హద్దు పెట్టి, రాత్రికి ఆ హద్దు తీసేసే సెట్టింగు వాడాలి. ఈలోపు ఒక డిస్కు ఇంటికో, తమ్ముడి ఊరికో వెళ్లిపోవడం మంచిది.

పాత ప్రతులను ఎంతకాలం ఉంచాలి? నా దృష్టిలో అన్నిటికంటే బరువైన నిర్ణయం ఇదే. ఆల్బమ్ ఎంపికకు పెళ్లివారు నెలల తర్వాత వస్తారు. ఫైలు చెడిన సంగతి అప్పుడే బయటపడుతుంది. పాత ప్రతులు 30 రోజులే ఉండేలా పెట్టుకుంటే, అప్పటికి మంచి ప్రతి చెరిగిపోయి చెడిన ప్రతి మిగులుతుంది. మాక్‌లోని టైమ్ మెషీన్ గడిచిన రోజుకు గంటకొకటి, నెలకు రోజుకొకటి, అంతకుముందు కాలానికి వారానికొకటి చొప్పున ప్రతులు దాచి, డిస్కు నిండాక పాతవి తీసేస్తుంది. పెళ్లి పనికి ఈ పద్ధతి బాగా నప్పుతుంది. గూగుల్ డ్రైవ్‌లో సింక్ అవుతోంది కదా అనే ధీమా వేరు. సింక్ అయ్యే ఫోల్డరులో ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. ట్రాష్‌లో పడిన ఫైలు 30 రోజులకు పూర్తిగా పోతుంది.

డిస్కును ఎప్పుడూ తగిలించి ఉంచడమూ ప్రమాదమే. వేసవి గాలివానల్లో మెరుపు దెబ్బకు కంప్యూటరు, పక్కనున్న డిస్కు రెండూ పోవచ్చు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ కూడా తగిలించి ఉన్న డిస్కును వదలదు. 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లపై అలాంటి దాడి జరిగింది. బ్యాకప్ ఉండబట్టి సేవలను తిరిగి నిలబెట్టుకోగలిగారు.

కాపీ అయిందంటే సరిగ్గా అయిందని కాదు. సి.పి. బ్రౌన్ ఒక్కో కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్పించి, శుద్ధప్రతి రాయించాడు. లేఖకుల చేతిలో తప్పులు ఎలా దొర్లుతాయో ఆయనకు తెలుసు. సాఫ్ట్‌వేర్‌లో ‘వెరిఫై’ అనే సెట్టింగు ఆ పోల్చే పనినే చేస్తుంది. కాపీకి పట్టే సమయం పెరుగుతుందని దాన్ని తీసేయకూడదు. పెళ్లివారి ఫొటోలు వారి సొంతం కాబట్టి పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్ట్ చేయడం కూడా స్టూడియో బాధ్యతే. ఆ పాస్‌వర్డు పోతే తాళం తీసేవారు ఎవరూ ఉండరు. దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టాలి, ఇంట్లో నమ్మకమైన మరొకరికి తెలియాలి.

ఇక ఆషాఢం, మూఢాలు. పెళ్లిళ్లుండవు, కెమెరాలు ఊరికే ఉంటాయి. రిస్టోర్ పరీక్షకు అంతకంటే మంచి అదను దొరకదు. నిరుటి మాఘమాసపు పెళ్లి ఒకటి ఎంచుకుని, దాన్ని పాత చోటులోకి కాక కొత్త ఫోల్డరులోకి, వీలైతే వేరే కంప్యూటరులోకి దించాలి. ఫైళ్ల సంఖ్య సరిపోయిందా, కేటలాగు తెరుచుకుందా, దిద్దిన రంగులు అలాగే ఉన్నాయా, తలంబ్రాల వీడియో చివరిదాకా ఆడిందా చూడాలి. ఏది తప్పినా శ్రావణం రాకముందే సెట్టింగు సరిచేసి, మొత్తం బ్యాకప్ మళ్లీ మొదటి నుంచి తీయాలి.