భాస్వరం లెక్క

2021 జనగణన ప్రకారం 6,56,480 మంది ఉన్న కెనడా నగరం బ్రాంప్టన్‌లో సగానికి పైగా దక్షిణాసియా మూలాలవారే కాగా, అక్కడి తెలుగు ఇళ్లకు కొత్త కాని "మా వంశంలోనే షుగర్ ఉంది" అన్న మాట వెనుక, ఏదో ఒక జన్యువు చెడి తరతరాలుగా దిగివస్తోందన్న భయం ఉంటుంది. 19వ క్రోమోజోమ్ మీది ఐఎన్‌ఎస్‌ఆర్ జన్యువు కథ తెలిస్తే ఆ భయం కొంత సడలుతుంది. ఈ జన్యువు ఇన్సులిన్ గ్రాహకాన్ని, అంటే కణత్వచంలో నాటుకొని, రక్తంలో వచ్చిన ఇన్సులిన్‌ను బయట పట్టుకొని ఆ కబురును లోపలికి చేరవేసే ప్రోటీన్‌ను, తయారు చేయిస్తుంది. దాని రెండు ప్రతులూ తీవ్రంగా దెబ్బతింటే వచ్చేది నడివయసు షుగర్ కాదు, పసికందులను బలిగొనే అరుదైన డోనహ్యూ సిండ్రోమ్. 1948లో దానిని వర్ణించిన విలియం డోనహ్యూ పొరుగునే ఉన్న టొరంటో పిల్లల ఆసుపత్రి వైద్యుడు. మామూలు షుగర్‌లో చాలామందికి ఈ జన్యువు చక్కగానే ఉంటుంది. కబురు లోపలి మెట్ల మీద బలహీనపడుతుంది, క్లోమం అలసిపోతుంది, అనేక జన్యువుల చిన్నచిన్న ప్రభావాలకు తిండీ నడకా తోడవుతాయి.

ఆ కబురు నడిచేది భాస్వరంతో. ఇన్సులిన్ అంటుకోగానే గ్రాహకం, కణంలో శక్తిని మోసే ఏటీపీ అణువు నుంచి ఒక ఫాస్ఫేటును, అంటే భాస్వరమూ ఆక్సిజనూ కలిసిన ముక్కను తీసి, తన లోపలి కొసలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాల మీద అతికించుకుంటుంది. ఆ గుర్తులను చూసి మరికొన్ని ప్రోటీన్లు చేరి పనిని ముందుకు నడపగా, చివరకు కండరకణం చక్కెరను లోపలికి తీసుకుంటుంది.

భాస్వరాన్ని కొలిచే విద్యలో ఒక తెలుగువాడి చేయి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతిలో, మాలిబ్డేటు కలిపిన ద్రావణం నీలంగా మారుతుంది, ఆ నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఇంత నిరాడంబరమైన పనితనం ఇంత దూరం చేరడం అరుదు; ఆ కొలతను పట్టుకునే వారిద్దరూ 1929లో ఏటీపీని వేరుచేశారు, అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని కనుగొన్నాడు. సుబ్బారావును మందుల సృష్టికర్తగా తలచుకునే తెలుగువారు ఈ నీలి రంగును కూడా తలచుకోవాలి.

1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల బాలుడికి తొలి ఇన్సులిన్ ఇచ్చిననాడు, అది కణంలో ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. గ్రాహకం ఫాస్ఫేటు అతికించుకుంటుందని అరవై ఏళ్లకు, 1982లో తేలినప్పుడు, రుజువుగా నిలిచింది రేడియోధార్మిక భాస్వరమే.