‘బిలీవ్’ అను క్రియయు మన ‘నమ్ము’టయు

ఇంగ్లీషు ‘బిలీవ్’ అను క్రియ కనబడినంతనే మనవారు ‘నమ్ము’ అని తెనిగించి ముందునకు సాగుచున్నారు. నిఘంటువున కిది చాలును, వాడుకకు చాలదు.

బండి వెళ్లిపోయినదా యని యడిగినచో ఇంగ్లీషువాడు ‘ఐ బిలీవ్ సో’ యనును. పోయినది కాబోలునని యంతియే దాని భావము. జమ్మలమడుగు బస్సుస్టాండున నిలిచి ‘బండి పోయినదని నేను నమ్ముచున్నాను’ అనిన వానిని జూచి నవ్వనివా రుందురా? పత్రికలలో మాత్రము నాయకుల ప్రసంగముల నిండ నీ నమ్మకములే!

మన ‘నమ్ము’ బరువు గల మాట. బంగారపు వర్తకమునకు పేరుపడిన ప్రొద్దుటూరున ఒకనిని ‘నమ్మకస్థుడు’ అనినచో, అతని చేత బెట్టిన సొత్తు తిరిగి చేరునని యర్థము. అతని యభిప్రాయములతో పనిలేదు. పులివెందుల మెట్టరైతు ‘వానను నమ్ముకొని విత్తితిమి’ అనును. వాన కురియునని యాతడు వాదించుట లేదు. విత్తనములను, తెచ్చిన యప్పును, పిల్లల కూటిని దానిమీద నుంచినాడు. ‘కొను’ చేరుటతోనే మనిషి బ్రదుకు నమ్మినదానితో ముడివడుచున్నది. ఈ ‘నమ్ముకొను’టకు సరియగు మాట ఇంగ్లీషున మాకు దొరకలేదు. ‘బిలీవ్ ఇన్’ అనునది దీనికి కొంత దగ్గర. అయినను దయ్యముల విషయమున వారు దానినే వాడుదురు. అచట ‘ఉన్నవని తలచుట’ తప్ప వేరర్థము లేదు.

కడపలో లండన్ మిషనువారి పని 1822లో మొదలైనది. తెలుగు బైబిలులో ‘నమ్ము’టయు, ‘ఆయనయందు విశ్వాసముంచు’టయు రెండును గలవు. రెండవది మూలములోని విభక్తిని విడువలేక చేసిన కూర్పని మా తలంపు. తెలుగువాడు దేవునియందు నమ్మడు, దేవుని నమ్మును. కడపలో 1820 మొదలు తెలుగు నేర్చిన బ్రౌనుదొర నిఘంటువు 1852లో అచ్చుపడినది గదా. నాటినుండి మాటకు మాట చూపు సాధనము మనకు గలదు. ఏ మాట యే చోట నెంత తూగునో వాడుకను విని తెలిసికొనవలసినదే.

ఇది పండితుల తగవు మాత్రమే కాదు. పెండ్లిసంబంధము కుదుర్చువాడు ‘వరుని వారు కట్నమడుగరని నమ్ముచున్నాను’ అని వ్రాసెననుకొందము. ఇంగ్లీషు చదివిన యాతని మనసులో అది యూహ. జాబు చదువు తల్లికి అది పూచీ. ఆ మాటపై ఆమె తాంబూలములు పుచ్చుకొనును. కట్నము నేరమని 1961లో చట్టము వచ్చినను అడుగువారు మానలేదు. అడిగిననాడు ఆమె ‘నమ్మించి గొంతు కోసినారు’ అనును. ఇంగ్లీషున నమ్మకము కలిగించుట దోషము కాదు. తెలుగున ‘నమ్మించు’ట, ‘నమ్మబలుకు’ట యనగానే మోసపు వాసన వేయును. ఊహించినవాడు ‘అడుగరనుకొందును’ అని వ్రాసియున్నచో ఆ తల్లి మరియొకమారు విచారించియుండెడిది.