ప్రియమైన శామ్‌కు, జడ్జి రాస్తున్న ఉత్తరం

2017 జులైలో ఇంగ్లండ్ ఫ్యామిలీ కోర్టులో జస్టిస్ పీటర్ జాక్సన్ ఇచ్చిన ఒక తీర్పును నేను తరచూ తీసి చదువుతుంటాను. అది పద్నాలుగేళ్ల అబ్బాయికి రాసిన ఉత్తరం. అసలు పేరు బయటికి రాకూడదు కాబట్టి అబ్బాయిని శామ్ అన్నారు. అమ్మానాన్నలు ఎప్పుడో విడిపోయారు. నాన్న స్కాండినేవియాలో స్థిరపడతానన్నారు, శామ్ తానూ వెళ్తానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. జడ్జి కూడా వద్దనే తేల్చారు.

ఆ ‘వద్దు’ చెప్పిన తీరులో ఉంది పనితనమంతా.

ఉత్తరం పలకరింపుతో మొదలవుతుంది. సోమవారం నిన్ను కలవడం సంతోషంగా అనిపించింది, ఈ వారం క్యాంపు బాగా జరిగిందనుకుంటాను అంటారు. ఆ వెంటనే, ఈ కేసు నీ గురించీ నీ భవిష్యత్తు గురించీ కాబట్టి ఇలా రాస్తున్నానంటారు. విడాకుల కాగితాల్లో పిల్లలు ఎప్పుడూ ‘సదరు మైనరు’లే. ఇక్కడ మాట పిల్లవాడితో, పెద్దలు పక్కన నిలబడి వినాలి. చట్టం దగ్గరికొచ్చినా గొంతు మార్చలేదు. 1989 నాటి చిల్డ్రన్ యాక్ట్ మొదటి సెక్షన్‌ను పేరు పెట్టి చెప్పి, గూగుల్‌లో వెతికితే నీకే కనిపిస్తుంది, అన్నిటికన్నా నీ సంక్షేమమే ముఖ్యమని అందులో ఉంది అంటారు. చిన్నవాడు కదా అని చట్టాన్ని దాచిపెట్టలేదు. సరిచూసుకునే దారి వాడి చేతికే ఇచ్చారు.

మనకూ 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉంది. దాని 17వ సెక్షన్ మైనరు సంక్షేమం చూడమంటుంది, ఆలోచించి ఇష్టం చెప్పగల వయసుంటే ఆ ఇష్టాన్నీ పరిగణించవచ్చంటుంది. మన జడ్జీలూ పిల్లల్ని చాంబర్‌లోకి పిలిచి మాట్లాడతారు. కానీ చివరికి ఏం తేలిందో, ఎందుకలా తేలిందో ఆ పిల్లలకు చెప్పేదెవరు? చాలాసార్లు గెలిచినవాళ్లో ఓడినవాళ్లో, ఎవరి కోపంతో వాళ్లు చెబుతారు. జాక్సన్ ఆ పని వాళ్లకు వదిలిపెట్టలేదు.

అన్నిటికన్నా కష్టమైన చోటు తండ్రి గురించి రాయాల్సిన చోటు. తండ్రుల ప్రభావం కొడుకులందరి మీదా ఉంటుంది, మీ నాన్నది అంతకు చాలా మించింది, ఇప్పుడున్న ఏర్పాటుతో ఆయన సంతోషంగా ఉంటే నువ్వూ ఉండేవాడివి అన్నది అక్కడి సారాంశం. ఎంత జాగ్రత్తగా కట్టిన మాటో చూడండి. నీకు నూరిపోశారని అనలేదు, నీ కోరిక అబద్ధమనీ అనలేదు. ఆ కోరిక ఎక్కడ పుట్టిందో మాత్రం చూపించారు. చదివే తండ్రికి అది తేలిక మాట కాదు, అయినా అందులో తిట్టు లేదు. తిట్టి ఉంటే శామ్ నాన్న పక్షాన మరింత గట్టిగా నిలబడేవాడు, తీర్పులో మిగతాదేదీ వాడి చెవికెక్కేది కాదు.

ఈ నేర్పు హఠాత్తుగా వచ్చింది కాదు. అంతకుముందు ఏడాది మరో కుటుంబం కేసులో, తల్లికీ పెద్దపిల్లలకూ అర్థం కావాలని ఆయన తీర్పును కుదించి, సూటిగా రాశారు. ఒక చీటీలో ఉన్న నవ్వుముఖం బొమ్మ కూడా ఆ తీర్పులో కనిపిస్తుంది.

శామ్‌కు రాసిన ఉత్తరం చివరికొచ్చేసరికి, నువ్వడిగింది ఇది కాదని నాకు తెలుసు, అయినా ముందుముందు నీకిదే మంచిదని నా నమ్మకం అంటారు. అమ్మానాన్నలు తమ అభిప్రాయాలు నీ మీద రుద్దకుండా హుందాగా ఉంటారని ఆశిస్తున్నానని అంటారు. నిజానికి ఆ వాక్యం వాళ్లిద్దరికీ. కానీ కొడుకు చదివే కాగితంలో ఉంది కాబట్టి దాటెయ్యడం కష్టం.

అన్నిటికీ చివర ‘మై కజిన్ విన్నీ’ సినిమా ముచ్చట. ఆ సినిమా మీ నాన్నకూ నాకూ ఇష్టమేనని తెలిసి ఇద్దరం సంతోషించాం, కారణాలే వేరు కావచ్చు అంటారు. న్యాయం దారి తప్పడానికి ఉదాహరణగా నాన్న దాని పేరెత్తారట. జడ్జికి మాత్రం అందులోని కోర్టు సన్నివేశాలూ, సుఖాంతమూ గుర్తున్నాయి. కేసు ఓడిపోయిన తండ్రి గురించి కొడుకుతో ఆయన చివరగా అన్న మాటలివే.